కొత్తగా వేసిన రోడ్డును తవ్వాల్సి వస్తే: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాసులకు సమగ్ర మార్గదర్శి

వీధిలో సిమెంటు రోడ్డు పడి నెల తిరక్కుండానే ఎవరో ఒకరికి కుళాయి కనెక్షన్ అవసరం పడుతుంది, మరొకరి మురుగు పైపు మూసుకుపోతుంది, ఇంకొకరు కొత్త ఇంటికి భూగర్భ కరెంటు కేబులు వేయించుకోవాలనుకుంటారు. అవసరం న్యాయమైనదే. అయితే మేస్త్రి మాట విని రాత్రికి రాత్రి తవ్వేసి, తెల్లారేలోగా మట్టి కప్పేయడం చట్టరీత్యా నేరం, ఇంజినీరింగ్ రీత్యా రోడ్డుకు చేటు. ఇంటి యజమానులు, అపార్ట్‌మెంట్ సంఘాలవారు, దుకాణదారులు, చిన్న కాంట్రాక్టర్లు రోడ్ కటింగ్ అనుమతి ఎలా తీసుకోవాలో, తవ్విన చోటును మళ్లీ ఎలా సరిచేయించాలో ఈ మార్గదర్శి వరుసగా వివరిస్తుంది. నా అభిప్రాయంలో అనుమతి సంపాదించడం ఇందులో పెద్ద కష్టమైన భాగం కాదు. గుంతను ఎవరు, ఎప్పటిలోగా, ఏ ప్రమాణంతో పూడుస్తారన్న ప్రశ్నకు మొదటి రోజే కాగితం మీద జవాబు రాయించుకోవడం కష్టం. కనుక ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

మొదట: ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

ఊరి మధ్యలో ఉన్నంత మాత్రాన ప్రతి రోడ్డూ నగరపాలక సంస్థది కాదు. లోపలి వీధులు, లేఅవుట్ రోడ్లు సాధారణంగా నగరపాలక సంస్థ లేదా మున్సిపాలిటీ అధీనంలో ఉంటాయి. ఊరిని దాటి మరో ఊరికి సాగిపోయే పెద్ద రోడ్లు చాలాచోట్ల రోడ్లు భవనాల శాఖవి, అంటే అందరూ ఆర్‌అండ్‌బీ అని పిలిచే శాఖవి. నెల్లూరు, ఒంగోలు పక్కగా సాగే 16వ నంబరు జాతీయ రహదారినీ, దాని సర్వీసు రోడ్లనూ తాకాలంటే జాతీయ రహదారుల సంస్థ అనుమతి కావాలి. ఆ భూమి మీద 2002 నాటి జాతీయ రహదారుల భూమి, ట్రాఫిక్ నియంత్రణ చట్టం అమల్లో ఉంది కాబట్టి అక్కడ మున్సిపల్ కమిషనర్ ఇచ్చిన కాగితం పనికిరాదు. పల్లెల్లో అంతర్గత వీధులు గ్రామ పంచాయతీవి కాగా, ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానిదో ఆర్‌అండ్‌బీదో అయి ఉంటుంది.

దీన్ని తెలుసుకోవడానికి దగ్గరి దారి మీ వార్డు సచివాలయం. అక్కడి ఎమినిటీస్ సెక్రటరీకి తన వార్డులోని రోడ్లు, కాలువలు, మంచినీటి లైన్లు ఎవరి పరిధిలో ఉన్నాయో తెలిసి ఉంటుంది. గ్రామమైతే సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంటును అడగాలి. నెల్లూరులో మినీ బైపాస్, పొదలకూరు రోడ్డు, ముత్తుకూరు రోడ్డు, ఒంగోలులో కర్నూలు రోడ్డు వంటి చోట్ల ఇల్లు లేదా దుకాణం ఉన్నవారు ఈ అడుగును అస్సలు దాటవేయకూడదు. ఒకే రోడ్డులో కొంత దూరం ఒక శాఖది, ఆ తర్వాత మరో శాఖది కావచ్చు. తారు వేసిన భాగం ఒకరిదీ, పక్కనున్న కాలువ మరొకరిదీ కావచ్చు. అలాంటప్పుడు రెండు దరఖాస్తులు పెట్టక తప్పదు.

చట్టం ఏం చెబుతుంది

నెల్లూరు 2004లో, ఒంగోలు 2012లో నగరపాలక సంస్థలయ్యాయి. వీటికి 1994 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం ద్వారా 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలోని నిబంధనలు వర్తిస్తాయి. కావలి, ఆత్మకూరు, చీమకుర్తి వంటి పట్టణాలు 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం కిందికి వస్తాయి. చట్టాలు రెండైనా సారాంశం ఒక్కటే. కమిషనర్ అనుమతి లేకుండా ప్రజల వీధిని ఎవరూ తవ్వకూడదు. అనుమతి పొందినవారు తమ ఖర్చుతోనే గుంత చుట్టూ అడ్డుకట్ట పెట్టాలి, రాత్రిపూట దీపం ఉంచాలి, పని ముగిశాక వీధిని యథాస్థితికి తేవాలి.

అనుమతి లేకుండా తవ్వితే మున్సిపల్ చట్టం కింద వేసే జరిమానాతోనే విషయం ముగుస్తుందని అనుకోకండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 285వ సెక్షన్ దారిలో అడ్డంకి లేదా ప్రమాదం కలిగించినందుకు 5,000 రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. నష్టం కలుగుతుందని తెలిసి ప్రజల రోడ్డును ప్రయాణానికి పనికిరాకుండా లేదా ప్రమాదకరంగా మార్చడం 326వ సెక్షన్ కిందికి వస్తుంది. దానికి 5 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. రాత్రిపూట ఒక బైకు ఆ గుంతలో పడిందంటే కేసు మేస్త్రి మీద ఆగదు, పని చేయించిన ఇంటి యజమాని దాకా వస్తుంది.

రోడ్డు ఎప్పుడు వేశారు, బాధ్యత ఇంకా ఎవరి మీద ఉంది

పాత రోడ్డుకూ కొత్త రోడ్డుకూ మధ్య తేడా ఇక్కడే తెలుస్తుంది. రోడ్డు వేసిన కాంట్రాక్టరు పని పూర్తయిన తర్వాత కూడా కొంతకాలం దాని లోపాలకు బాధ్యుడిగా ఉంటాడు. దీన్ని లోప బాధ్యతా కాలం అంటారు. ఎంతకాలమన్నది ఆ పని ఒప్పందంలోనే రాసి ఉంటుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్లకైతే కాంట్రాక్టరే 5 ఏళ్ల పాటు నిర్వహణ చూడాలి. ఈ గడువు లోపల మీరు రోడ్డును అడ్డంగా కోశారంటే, రేపు పది గజాల దూరంలో పగులు వచ్చినా కాంట్రాక్టరు మీ కోతనే చూపించి తప్పుకుంటాడు. ఇంజినీర్లు కొత్త రోడ్డు మీద అనుమతికి వెనకాడటానికి అసలు కారణం ఇదే, దరఖాస్తుదారు మీద కోపం కాదు.

అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో కొత్తగా పరిచిన వీధిని 5 ఏళ్ల వరకు తవ్వనివ్వరని అక్కడి పిల్లలు ఫోన్లో చెబితే మనవాళ్లు ఆశ్చర్యపోతుంటారు. మన దగ్గర వ్యవహారం కమిషనర్ విచక్షణ మీద నడుస్తుంది. ఆ విచక్షణ మీకు అనుకూలంగా మారాలంటే దరఖాస్తుకు ముందే మూడు సంగతులు రాబట్టండి: రోడ్డు పని పూర్తయిన తేదీ, లోప బాధ్యతా కాలం ముగిసే తేదీ, రోడ్డు మందం. వీధి సిమెంటు రోడ్లు చాలావరకు 15 సెంటీమీటర్ల మందంతో వేస్తారు, కానీ మీ వీధి అంచనాలో ఏముందో వార్డు ఇంజినీరింగ్ సిబ్బంది వద్ద నోటు చేసుకోవడం మేలు. మళ్లీ వేసే కాంక్రీటు దానికి తగ్గకుండా ఉండాలి కదా.

తవ్వకుండా పని జరిగే దారి ఉందేమో చూడండి

దరఖాస్తులో "ఇతర మార్గం లేదు" అని రాసేముందు నిజంగా లేదా అని పరిశీలించాలి. మంచినీటి లైను వీధికి మీ వైపే ఉంటే సైడు కాలువకూ ప్రహరీకీ మధ్య మట్టిలోనే కనెక్షన్ తీసుకోవచ్చు. రోడ్డు జోలికి పోనక్కర్లేదు. లైను అవతలి వైపు ఉన్నా, రెండు పక్కలా చిన్న గుంతలు తీసి రోడ్డు కింద నుంచి పైపును నెట్టే పద్ధతి ఉంది. ఇరుకు వీధులకు ఇది చక్కగా సరిపోతుంది. ఇందులో ఒక ప్రమాదం ఉంది. కొందరు ప్లంబర్లు నీటిని బలంగా కొట్టి మట్టిని కరిగించుకుంటూ దారి చేస్తారు. ఇసుక నేలలో అలా చేస్తే స్లాబు కింద ఎంత మట్టి కొట్టుకుపోయిందో పైకి కనిపించదు. కొన్ని నెలల తర్వాత ఇసుక లారీ వచ్చి నిలబడిన రోజున రోడ్డు కుంగుతుంది. కాబట్టి నీరు కొట్టకుండా, చేతి బోరుతోనో యంత్రంతోనో నెట్టేవారినే పెట్టుకోండి. పొడవైన కేబుళ్లు, పెద్ద పైపులకు అడ్డంగా బోరు వేసే యంత్రాలున్న ఏజెన్సీలు దొరుకుతాయి. ఒక్క ఇంటికి ఆ ఖర్చు ఎక్కువే, నాలుగిళ్లవాళ్లు కలిస్తే భరించగలిగేదే.

తవ్వక తప్పదనుకున్నప్పుడు కూడా వీధిలో అందరినీ ఒకసారి అడగండి. ఎవరికి కుళాయి కావాలి, ఎవరికి మురుగు కనెక్షన్ మిగిలింది, ఎవరు ఇల్లు కట్టబోతున్నారు అన్నది తెలిస్తే ఒకే కోతలో అన్నీ ముగించవచ్చు. ఆ కోతలోనే అవసరమైన దానికంటే పెద్ద సైజు ప్లాస్టిక్ పైపు ఒకటి అడ్డంగా పరిచి, రెండు చివర్లు మూతలతో మూసి, గోడ మీద గుర్తు వేసి వదిలితే, భవిష్యత్తులో ఏ పైపైనా కేబులైనా అందులోంచే లాగవచ్చు. ఈ ఖాళీ పైపును దరఖాస్తులో చూపించండి. రేపు మళ్లీ ఈ వీధి వాళ్లు తవ్వడానికి రారన్న నమ్మకం ఇంజినీరుకు కలుగుతుంది.

ఇంకా రోడ్డు పడని వీధిలో ఉన్నవారికి ఒక మాట. శంకుస్థాపన శిలాఫలకం లేచిన రోజే మీ కనెక్షన్ల దరఖాస్తులు పెట్టేయండి. నెల్లూరులో భూగర్భ మురుగునీటి పథకం పనులు సాగినప్పుడు వీధుల పరిస్థితి ఎలా ఉండేదో చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. రోడ్డు పనుల టెండర్లు రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో కనిపిస్తాయి. మీ వీధి పేరు అందులో ఉందేమో చూసుకోవచ్చు.

దరఖాస్తు రాయడం

దరఖాస్తును కమిషనర్ పేరిట రాసి వార్డు సచివాలయంలో ఇవ్వాలి. ఆర్‌అండ్‌బీ, పంచాయతీరాజ్ రోడ్లయితే ఆ శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు చిరునామా చేసి, స్థానిక డిప్యూటీ ఇంజినీరు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. జతచేయాల్సినవి: ఆస్తి పన్ను రసీదు, ఆధార్ నకలు, కొత్త కట్టడమైతే ప్లాను అనుమతి, కుళాయి లేదా కరెంటు కనెక్షన్ మంజూరైన కాగితం, కొలతలతో చేతిగీత పటం, ప్రస్తుతం రోడ్డు ఎలా ఉందో తెలిపే ఫొటోలు. ఈ ఫొటోలు మీ రక్షణ కోసమే. ముందే ఉన్న పగుళ్లను తర్వాత మీ ఖాతాలో రాయకుండా అవి కాపాడతాయి.

నమూనా ఇలా ఉండవచ్చు:

"కమిషనర్ గారికి, నగరపాలక సంస్థ, నెల్లూరు. అయ్యా, విషయం: మంచినీటి కనెక్షన్ నిమిత్తం సిమెంటు రోడ్డును అడ్డంగా కోయుటకు అనుమతి కోరుట గురించి. నేను … వార్డు, … వీధిలో … నంబరు ఇంటి యజమానిని. మా ఇంటికి మంజూరైన కుళాయి కనెక్షన్ కోసం వీధికి అవతలి వైపున ఉన్న పైపులైను నుంచి … మీటర్ల పొడవు, … సెంటీమీటర్ల వెడల్పున రోడ్డును కోయవలసి ఉన్నది. రోడ్డు కిందుగా పైపును నెట్టే అవకాశాన్ని పరిశీలించితిమి. … కారణము చేత అది వీలుపడలేదు. ఇదే కోతలో పక్కనున్న … ఇళ్ల కనెక్షన్లు కూడా పూర్తి చేసుకొనుటకు వారి సమ్మతి పత్రాలు జతపరచితిమి. యంత్రంతో మాత్రమే కోసి, … రోజుల్లో పని ముగించి, తమ ఇంజినీరింగ్ సిబ్బంది సమక్షంలో పొరలవారీగా పూడ్పించెదము. పునరుద్ధరణ ఛార్జీలను తమరు నిర్ణయించిన మేరకు చెల్లించుటకు సిద్ధముగా ఉన్నాము. రోడ్డు పునరుద్ధరణ సంస్థ చేయునో, మేము చేయవలెనో, ఏ తేదీలోగా పూర్తి కావలెనో అనుమతి పత్రంలోనే తెలుపగలరని మనవి."

చివరి వాక్యాన్ని వదలకండి. అది లేని దరఖాస్తుకు వచ్చే అనుమతిలో పునరుద్ధరణ గురించి గోడమీద పిల్లివాటం మాటలే ఉంటాయి.

అంచనా, చలానా

దరఖాస్తు అందాక అసిస్టెంట్ ఇంజినీరు వచ్చి కొలతలు తీసుకుంటారు. రాష్ట్ర ప్రామాణిక రేట్ల పట్టిక ఆధారంగా, కోసిన విస్తీర్ణానికి తిరిగి రోడ్డు వేయడానికయ్యే ఖర్చు లెక్కకట్టి డిమాండ్ నోటీసు ఇస్తారు. కొలత తీసేటప్పుడు మీరు అక్కడే ఉండాలి. అందులో వెడల్పు ఎంత రాశారన్నది ముఖ్యం. అడుగు వెడల్పు గుంతకు రెండు అడుగుల విస్తీర్ణం లెక్కవేశారని తగువు పెట్టుకునేవారు ఉంటారు. నిజానికి గుంతకు రెండు పక్కలా కొంత అదనంగా కోసి మళ్లీ పోయడమే సరైన పద్ధతి గనుక ఆ అదనపు వెడల్పు న్యాయమైనదే.

డబ్బును ఆన్‌లైన్‌లోనో బ్యాంకు చలానా ద్వారానో సంస్థ ఖాతాకు మాత్రమే కట్టండి. చేతిలో పెట్టిన డబ్బుకు లెక్కా ఉండదు, రేపు రోడ్డు వేయమని అడిగే హక్కూ ఉండదు. కట్టిన మొత్తంలో పునరుద్ధరణ ఛార్జీ ఎంత, తిరిగివచ్చే డిపాజిట్ ఏమైనా ఉంటే ఎంత, అనుమతి రుసుము ఎంత అన్నది రసీదులో విడివిడిగా ఉండేలా చూసుకోవాలి. సంస్థే రోడ్డు వేస్తుందన్నప్పుడు ఛార్జీలు కట్టించుకుని పని నెలల తరబడి నానబెట్టడం మామూలే. అందుకే గుంతను తాత్కాలికంగా చదును చేసి వాహనాలు పోయేలా ఉంచే బాధ్యత ఎవరిదో కూడా అనుమతి పత్రంలో రాయించుకోండి.

టెలికాం కంపెనీల సంగతి వేరు. ఫైబర్ కేబుళ్ల కోసం అవి 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న టెలికాం దారి హక్కుల నియమాల కింద ప్రత్యేకంగా దరఖాస్తు చేసుకుంటాయి. మీ వీధిలో కేబులు వేసేవారిని ఆపి అనుమతి అడిగినప్పుడు వాళ్లు చూపించాల్సింది ఆ నియమాల కింద వచ్చిన కాగితాన్నే.

భూమిలో ఏముందో తెలుసుకోకుండా గడ్డపార దించవద్దు

తవ్వకాల్లో కేబుళ్లు, పైపులు తెగకుండా ఉండేందుకు కేంద్ర ప్రభుత్వం 2023 మార్చి 22న 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్‌ను ప్రారంభించింది. తవ్వబోయే చోటును అందులో నమోదు చేస్తే ఆ ప్రాంతంలో భూగర్భ ఆస్తులున్న సంస్థలకు సమాచారం వెళుతుంది. దానితోపాటు విద్యుత్ శాఖను నేరుగా అడగండి. నెల్లూరు జిల్లా తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) పరిధిలోనూ, ఒంగోలు విజయవాడ కేంద్రంగా ఉన్న మధ్య డిస్కం పరిధిలోనూ ఉన్నాయి. ఫిర్యాదుల నంబరు మాత్రం రెంటికీ 1912. భారతీయ ప్రమాణాల ప్రకారం ఇళ్లకు వెళ్లే తక్కువ వోల్టేజీ కేబులు కనీసం 75 సెంటీమీటర్ల లోతున, 11 కేవీ కేబులు 90 సెంటీమీటర్ల లోతున ఉండాలి. కానీ రోడ్డును చెక్కి మళ్లీ పరిచిన చోట, మట్టి తీసేసిన చోట ఆ లోతు తగ్గిపోయి ఉంటుంది. అందుకని మొదటి మీటరు లోతును జేసీబీతో కాకుండా మనుషులతోనే తీయించాలి. ఇసుక పొర, ఇటుకల వరుస, రంగు టేపు కనిపించాయంటే కింద కేబులో గ్యాస్ పైపో ఉన్నట్టే. అక్కడే ఆగి సంబంధిత సంస్థ మనిషిని పిలిపించాలి.

ఎప్పుడు తవ్వాలి

మన జిల్లాలకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఆ మూడు నెలల్లో తెరిచిన గుంత నీటితో నిండి, స్లాబు అంచుల కింద మట్టిని లాగేసుకుంటుంది. వాయుగుండం కబురు వచ్చాక తవ్విన గుంతలో ఎంత పూడ్చినా బురదే మిగులుతుంది. కాబట్టి జనవరి నుంచి సెప్టెంబరులోపు పని పెట్టుకోండి. ఎండాకాలంలో కాంక్రీటు సాయంత్రంపూట పోయించండి. రోహిణీ కార్తె మిట్టమధ్యాహ్నం పోసిన కాంక్రీటు నీరు ఆవిరై పైపొర బీటలు వారుతుంది. దర్గామిట్ట, స్వర్ణాల చెరువు పరిసరాల్లో ఉన్నవారు రొట్టెల పండుగ రోజుల్లో అనుమతి అడగకపోవడమే మంచిది.

తవ్వే రోజు

అనుమతి పత్రం నకలు, చలానా రసీదు పని చోటనే ఉండాలి. అడ్డుకట్ట, రాత్రిపూట ఎర్రదీపం, మెరిసే టేపు ముందే తెచ్చిపెట్టుకోండి. ఒక ఇటుక మీద ఎర్రగుడ్డ కట్టి ఊరుకోవడం అడ్డుకట్ట కాదు. వీధి పూర్తిగా మూసుకుపోతుందనుకుంటే ట్రాఫిక్ పోలీసులకు ముందుగా తెలపాలి, ఆటోలూ అంబులెన్సూ పోయేందుకు సగం రోడ్డు చొప్పున పని చేయాలి. గుంత ఒకటిన్నర మీటరు లోతు దాటితే పక్కలకు పలకల ఊతం లేకుండా మనిషిని దించకండి. ముఖ్యంగా మురుగు లైన్ల దగ్గర ఇసుక నేల ఒక్కసారిగా కూలుతుంది.

సిమెంటు రోడ్డును బ్రేకరుతో నేరుగా పగలగొట్టనివ్వకూడదు. ముందు కటింగ్ మెషీన్‌తో రెండు సరళరేఖలు కోసి, ఆ రేఖల మధ్య భాగాన్నే పగలగొట్టాలి. బ్రేకరు కొట్టిన అంచు వంకరటింకరగా ఉండటమే గాక, కంటికి కనిపించని సన్నని పగుళ్లు స్లాబు లోపలికి పోతాయి. ఆ పగుళ్ల దారినే వాననీరు దిగుతుంది. మెషీన్ అద్దెకు దొరకదన్న మేస్త్రి మాట నమ్మనక్కర్లేదు. సిమెంటు రోడ్లకు జాయింట్లు కోసేవారందరి దగ్గరా అది ఉంటుంది.

పూడ్చడం

"ఏం గాదులే అన్నా, నీళ్లు కొట్టి వదిలేస్తే అదే దిగుద్ది" అన్న మాట ప్రతి గుంత దగ్గరా వినిపిస్తుంది. నిజమే, అది దిగుతుంది. రోడ్డు పోసిన తర్వాత కూడా దిగుతూనే ఉంటుంది.

పైపు కింద పది నుంచి పదిహేను సెంటీమీటర్ల ఇసుక పరుపు వేయాలి. పైపు చుట్టూ, పైనా అంతే ఇసుక కప్పి, దాని మీద హెచ్చరిక టేపు పరచాలి. ఆ పైన పూడిక 15 సెంటీమీటర్లకు మించని పొరలుగా సాగాలి. ప్రతి పొరనూ తగుమాత్రం తడిపి, ప్లేట్ కంపాక్టరుతో లేదా ఇరుకు గుంతల్లో వాడే దిమ్మిస యంత్రంతో గట్టిపరచాలి. తవ్వి తీసిన మట్టినే తిరిగి వేయొచ్చా అన్నది నేలను బట్టి ఉంటుంది. నల్లరేగడి తగిలిన చోట, ప్రకాశం జిల్లాలో ఇది ఎక్కువ, ఆ మట్టిని బయటికి పంపేయాల్సిందే. తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుపోయే మట్టి మీద ఎంత మంచి కాంక్రీటు పోసినా రెండు వానలకు లేచిపోతుంది. దాని బదులు గ్రావెల్ వాడాలి. పెన్నా ఒడ్డు వీధుల్లోని ఇసుక నేలకు ఈ సమస్య లేదు. నీటితో నింపి దిగనిచ్చిన ఇసుక గట్టిగానే కూర్చుంటుంది, పక్కలకు జారిపోయే దారి లేకుండా చూస్తే చాలు. ఇటుక ముక్కలు, పాత కాంక్రీటు పెళ్లలు, ఇళ్లు కూల్చిన చెత్త గుంతలో వేయనివ్వకండి. పెళ్ల కింద మిగిలిన ఖాళీని ఏ దిమ్మిసా చేరలేదు.

మట్టి పైకి వచ్చాక, కంకర పొర ఎంత మందంలో ఉండేదో అంతే మందంలో తిరిగి వేసి గట్టిపరచాలి. ఇప్పుడు ఒక పని చాలామంది మరిచిపోతారు. గుంతకు రెండు పక్కలా కనీసం 15 సెంటీమీటర్ల చొప్పున పాత స్లాబును అదనంగా కోసి తీసేయాలి. అలా చేస్తే కొత్త కాంక్రీటు అంచులు, తవ్వని గట్టి నేల మీద ఆనుకుని కూర్చుంటాయి. గుంత వెడల్పు మేరకే కాంక్రీటు నింపితే అది గుంతతో పాటే కుంగుతుంది. కొత్త పోత పాత దానికంటే పలచగా ఉండకూడదు, గ్రేడు (కాంక్రీటు బలం) తగ్గకూడదు. పోసే ముందు పాత అంచులను కడిగి తడిపి, సిమెంటు పాలు రాయాలి. పైభాగం పాత రోడ్డుతో సమంగా ఉండాలి. కాస్త ఉబ్బెత్తుగా పోస్తే తర్వాత సర్దుకుంటుందన్న లెక్క మట్టికి చెల్లుతుంది, కాంక్రీటుకు చెల్లదు. గోనెసంచులు కప్పి వారం తక్కువ కాకుండా, వీలైతే 14 రోజులు తడపాలి. 28 రోజుల వరకు లారీలు, ట్రాక్టర్లు ఎక్కకుండా అడ్డం పెట్టడం మంచిది.

తారు రోడ్డైతే కోసిన అంచులకు పలుచని తారు పూత పూసి, వేడి మిశ్రమాన్ని పొరలుగా వేసి రోలరు తిప్పాలి. చల్లారిపోయిన మిశ్రమాన్ని పారతో చదును చేసి వదిలేస్తే నెలలోనే రాళ్లు లేచి గుంత బయటపడుతుంది. తారు రోడ్డులోని కోతను సిమెంటుతో నింపడం మన ఊళ్లలో అలవాటుగా మారింది. రెండు పదార్థాలు ఎండకు ఒకేలా సాగవు కాబట్టి వాటి మధ్య సందు తెరుచుకుంటుంది. ఇంజినీరు ఒప్పుకున్నా మీరు ఒప్పుకోకండి.

ప్రతి దశకూ ఫొటో తీసి పెట్టుకోండి: కోసిన గీత, పైపు పరుపు, ప్రతి పూడిక పొర, కంకర, పోత. కొలత టేపు ఫొటోలో కనిపించాలి. పని అయ్యాక అసిస్టెంట్ ఇంజినీరు చేత పూర్తయినట్టు రాయించుకుని, డిపాజిట్ ఉంటే వాపసు దరఖాస్తు వెంటనే ఇవ్వండి. మొదటి ఈశాన్య వానలు వెళ్లాక అతుకును ఒకసారి చూసి, అంచుల్లో సందు కనిపిస్తే తారు పోసి మూయించండి.

అత్యవసరమైతే

పైపు పగిలి ఇళ్లలోకి నీరు వస్తున్నప్పుడు, మురుగు వీధి మీద పొంగుతున్నప్పుడు అనుమతి కాగితం కోసం ఎదురుచూడటం కుదరదు. అలాంటప్పుడు వార్డు సచివాలయానికి ఫోన్ చేసి, ఫొటోతో సందేశం పంపి, మున్సిపల్ సిబ్బంది చేతనే తవ్వించాలి. సొంతంగా మనిషిని పెట్టి తవ్వాల్సి వచ్చినా ఆ రోజే రాతపూర్వకంగా తెలియజేసి, పునరుద్ధరణ ఛార్జీలు కట్టేయాలి.

ఎవరో తవ్వి వదిలేస్తే

మీ వీధిలో ఎవరైనా తవ్వుతుంటే ముందుగా మర్యాదగా అనుమతి పత్రం అడగండి. చూపకపోతే, చోటూ సమయమూ తెలిసేలా ఫొటోలు తీసి, పురమిత్ర యాప్‌లో లేదా వార్డు సచివాలయంలో ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకోండి. పరిష్కారం కాకపోతే ప్రతి సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. "రోడ్డు పాడైంది, బాగుచేయండి" అని రాస్తే ఆ అర్జీ చాలా బల్లలు తిరుగుతుంది. తవ్విన తేదీ, కొలతలు, ఎవరు తవ్వారు, రోడ్డు లోప బాధ్యతా కాలంలో ఉందా లేదా అన్నది రాస్తే జవాబు ఇవ్వక తప్పదు.

అప్పటికీ కదలిక లేకుంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద నాలుగు అంశాలు కోరండి: ఆ తవ్వకానికి ఇచ్చిన అనుమతి నకలు, వసూలు చేసిన పునరుద్ధరణ ఛార్జీ, పునరుద్ధరణ పనికి సంబంధించిన కొలతల పుస్తకం (జరిగిన పనిని ఇంజినీర్లు నమోదు చేసే పుస్తకం) పేజీల నకళ్లు, ఆ రోడ్డు లోప బాధ్యతా కాలం ముగిసే తేదీ. నగరపాలక సంస్థకైతే దరఖాస్తు రుసుము 10 రూపాయలు. గ్రామ స్థాయిలో రుసుము లేదు. 30 రోజుల్లో సమాధానం రావాలి. రాకపోయినా, అసంపూర్ణంగా వచ్చినా 30 రోజుల్లోగా అదే సంస్థలోని పై అధికారికి మొదటి అప్పీలు, దానిపై నిర్ణయం నచ్చకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు.